పిన్నమ్మ పీకించుకున్న పళ్ళు

కుర్చీ తలవైపు తుడిచి, పైన వేలాడే దీపం తుడిచి, ఉమ్మే గిన్నె తోమి, పిన్నమ్మ కాళ్ళవైపుకు వచ్చింది. అసలు పని అక్కడే. చెబితే ఎవరూ నమ్మరు గానీ, పళ్ళ డాక్టరు కుర్చీలో ముందు అరిగేది తల ఆన్చే చోటు కాదు, మడమలు ఆన్చే చోటు. నోట్లో మర గిర్రుమనగానే తల ఎటూ కదలలేదు, చేతులు కుర్చీ పట్టుకుని ఉంటాయి, పాపం భయం పోయి పోయి కాళ్ళలో పడుతుంది. మడమలతో తన్నీ రాసీ ఆ రెక్సిను గుడ్డ పగిలి దూది బయటపడితే, దానిమీద పిన్నమ్మ తన పాత చీర ముక్క నాలుగు మడతలు వేసి కుట్టింది. అదీ అరిగింది. ఇప్పుడున్నది ఎన్నో ముక్కో ఆమెకే గుర్తులేదు.

మడత సరిచేసి, కుర్చీ కాళ్ళ దగ్గర తన పీట వేసుకుని, వరండాలోకి తొంగి చూసింది. బల్ల మీద జనం అప్పుడే చేరారు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. బుగ్గ పట్టుకున్నవాళ్ళు కొందరు, గోడమీది గడియారం పట్టుకున్నవాళ్ళు కొందరు. లవంగనూనె వాసనకే సగం ప్రాణం పోయినట్టు కూర్చుంటారు.

ఆమెకు ఇంట్లో పెట్టిన పేరు ఒకటి ఉండేది, ఆ పేరుతో పిలిచేవాళ్ళంతా పోయారు. ఒక్క అక్క మిగిలింది, ఆమె కూడా "ఒసేవ్" అనే అంటుంది. ఇక్కడ ఊడ్చడానికి, తుడవడానికి చేరిన కొత్తలో ఎవరో ఒకామె భయంతో "పిన్నీ, నా చెయ్యి పట్టుకోవే" అని ఏడ్చింది. చెయ్యి అందలేదు, డాక్టరమ్మ అడ్డం ఉంది. అందిన కాలు పట్టుకుంది. ఆ రోజు నుంచి ఆమె అందరికీ పిన్నమ్మ, ఆ కాళ్ళ దగ్గరి చోటు ఆమెది.

కాలు పట్టుకోవడమంటే ఊరికే పట్టుకోవడం కాదు. బొటనవేలు ఒక చేతిలో, మడమ ఒక చేతిలో. నొప్పి నోటికి తెలియకముందే కాలివేళ్ళకు తెలుస్తుంది. వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయంటే పిన్నమ్మ చిన్నగా దగ్గుతుంది. ఆ దగ్గు వినపడగానే డాక్టరమ్మ మర బయటికి తీసి, "కాస్త పుక్కిలించండి" అంటుంది. డాక్టరమ్మకు ఎలా తెలిసిందో ఏమో, చల్లని చెయ్యి తల్లీ అని రోగులు దణ్ణం పెట్టి పోతారు. ఆ చెయ్యి ఇద్దరిదీ అని ఆ గదిలో ఉన్న ఇద్దరికే తెలుసు. జలుబు చేసిన రోజు మాత్రం పిన్నమ్మ మూతికి గుడ్డ కట్టుకుని, వచ్చే దగ్గునంతా మింగుతూ కూర్చునేది.

ఇక రెండో పని మాట. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమే పెట్టుకుంది.

ఆ ఉదయం మొదట వచ్చినవాడు లారీ డ్రైవరు. కొండలాంటి మనిషి, మీసాలు చూస్తే గుమ్మం పక్కకు జరగాల్సిందే. కుర్చీ ఎక్కేసరికి మాత్రం పెళ్ళిచూపుల పిల్లలా తల వంచేశాడు.

"కొండదారిలో బ్రేకులు పోయినా నాకు చెమట పట్టలేదు పిన్నమ్మా. ఆ సూది చూస్తే ఎందుకో..."

"ఏ పన్నయ్యా?"

"పైన, ఎడమవైపు, చిట్టచివరిది."

"ఓస్, అదా! పోయినేడు నేనూ అదే పీకించుకున్నాను. అయిపోయిందమ్మా లే అంటే, ఇంకా మొదలుపెట్టలేదేంటమ్మా అని నేనే అడిగాను. పన్ను నా చేతిలో పెడితే గానీ నమ్మలేదు."

"నిజంగా?"

"నీ మీసం మీద ఒట్టు."

డ్రైవరు నవ్వాడు. నవ్విన నోరు తెరిచి ఉండగానే డాక్టరమ్మ సూది వేసేసింది. వేళ్ళు ఒక్కసారి ముడుచుకుని, పిన్నమ్మ నొక్కగానే వదులయ్యాయి. పన్ను ఊడి ట్రేలో టంగుమన్నాక, నోట్లో దూదితోనే ఆయన అన్నాడు, "ఇంగేనా, అయిహోయిందా?"

"చూశావా, నాలాగే నువ్వూ నమ్మలేదు."

అలా ఆ నోట్లో పిన్నమ్మ పీకించుకోని పన్ను లేదు. వచ్చినవాళ్ళకు ఏ పన్ను నొప్పి అయితే, ఆమెకు పోయినేడు అదే నొప్పి. వేరు కాల్చి నింపడమా, చిగురు కోయడమా, అన్నీ ఆమెకు జరిగినవే, ఏదీ చీమ కుట్టినంత కూడా లేదు. నిజానికి ఆ కథలన్నీ ఆమె అక్క నోట్లోవి. అక్క నోట్లో ఇప్పుడు చిగుళ్ళు తప్ప మరేమీ లేవు. ఒక్కొక్క పన్నూ ఊడినప్పుడు అక్క వీధి వీధంతా వినపడేలా అరిచింది. ఆ అరుపులు తీసేసి మిగతా కథ చెల్లెలు తెచ్చుకుని వాడుకుంది.

మామూలుగా వచ్చేవాళ్ళకు గుట్టు తెలియకపోలేదు. ఆ రోజే, పళ్ళ మీది గార తీయించుకోవడానికి వచ్చిన పంతులమ్మ అడిగేసింది. "పిన్నమ్మా, నీకు దేవుడు ఎన్ని వరసల పళ్ళిచ్చాడే? పోయినసారి నాతో కిందివి రెండు పోయాయన్నావు. ఇప్పుడు నవ్వుతుంటే అన్నీ కనపడుతున్నాయి!"

"ఒక వరసేనమ్మా. మీ అందరి కోసం మళ్ళీ మళ్ళీ మొలుస్తుంటాయి."

పంతులమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. మాస్కు వెనక డాక్టరమ్మ కూడా నవ్విందని కళ్ళు చెప్పాయి. "సగం మత్తుమందు నా సూదిలో ఉంది, సగం మా పిన్నమ్మ నోట్లో ఉంది" అని ఆమె తోటి డాక్టర్లతో చెప్పుకునేది. ఆ మాట విన్న రోజు పిన్నమ్మ ఇంటికి వెళ్ళి అద్దంలో నోరు చూసుకుంది.

అయితే ఆ అబద్ధాలు నవ్వులాటకు పుట్టినవి కావు. పిన్నమ్మ భర్త ఇళ్ళకు రంగులు వేసేవాడు. గాలి ఆడక ఆసుపత్రిలో పడుకున్నప్పుడు ఒక కుర్ర డాక్టరు మంచం దగ్గర నిలబడి, చేతిలో ఎక్స్‌రే ఫోటో దీపానికెత్తి చూసి, ఉన్నమాట ఉన్నట్టు చెప్పేశాడు. ఊపిరితిత్తులు అయిపోయాయి, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి. అంతే. అప్పటిదాకా లేచి కూర్చుని, పక్క మంచం వాళ్ళతో రంగుల సంగతులు మాట్లాడిన మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ ఇటు తిరగలేదు. గంజి పోస్తే మింగలేదు. రోగం తీసుకుపోవడానికి ఇంకా వ్యవధి ఉంది, మాటే ముందుగా తీసుకుపోయింది అని పిన్నమ్మ నమ్మకం. ఎంత నిజమైతే మాత్రం, మనిషిని గోడవైపు తిప్పే నిజం ఎందుకు? అప్పటి నుంచి ఆమె ఎవరి మొహం గోడవైపు తిరగబోయినా ఊరుకోదు. ఏదో ఒకటి చెప్పి ఇటు తిప్పుతుంది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత, మెట్ల మీద రెండు జతల అడుగులు వినపడ్డాయి. ఒక జత గబగబా, ఒక జత ఆగి ఆగి. గబగబా వచ్చినది కోడలు, ఆగి ఆగి వచ్చినది టైలరమ్మ.

టైలరమ్మ అంటే వెనక వీధిలో, ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషి. పిన్నమ్మవీ ఆమె కుట్టినవే. ఒకసారి కొలత తీసుకుంటే మళ్ళీ అడగదు, మనిషి నడుస్తుంటే చూసి చిక్కిందో లావైందో చెప్పేస్తుంది. ఎప్పుడు చూసినా పెదాల మధ్య గుండుసూదులు, మెడలో కొలతల టేపు. ఇప్పుడు సూదులు లేవు. మూతికి అడ్డంగా కొంగు పట్టుకుని ఉంది. టేపు మాత్రం మెడలోనే ఉంది, తీయడం మరిచిపోయి వచ్చినట్టుంది.

"రా టైలరమ్మా, ఎన్నాళ్ళయింది! చిక్కిపోయావేంటి?"

"పిన్నమ్మా" అంది ఆమె. కళ్ళు నవ్వాయి. గొంతు మాత్రం మూసిన తలుపు వెనక నుంచి వచ్చినట్టు వచ్చింది.

వేసవి రాకముందు ఒకసారి వచ్చింది ఆమె. విరిగిన పన్ను రాసుకుని రాసుకుని బుగ్గ లోపల తెల్లగా పుండు పడింది. డాక్టరమ్మ పన్ను మొన అరగదీసి, పెద్దాసుపత్రికి వెళ్ళి ఆ పుండు దగ్గర చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించుకోమని, ఆలస్యం చేయవద్దని గట్టిగా చెప్పింది. ఆ తర్వాత రాలేదంటే పరీక్ష అయ్యే ఉంటుంది, తగ్గే ఉంటుంది అనుకున్నారు. ఇంతమంది వచ్చిపోయే చోట, రానివాళ్ళ గురించి ఎవరు ఆలోచిస్తారు?

కుర్చీలో పడుకోబెట్టారు. పిన్నమ్మ పీట లాక్కుని కాలు పట్టుకుంది. మిషను తొక్కి తొక్కి గట్టిపడ్డ పాదం.

"నోరు తెరవండి" అంది డాక్టరమ్మ.

"తెరిచానమ్మా."

తెరిచింది అంతే మరి. ఒక వేలు పట్టేంత సందు. డాక్టరమ్మ అద్దం అందులో పక్కకు తిప్పి పెట్టింది. పెట్టి, చాలాసేపు తీయలేదు. మెడ కింద వేళ్ళతో తడిమింది. ఒకచోట ఆగింది, మళ్ళీ అక్కడికే వచ్చింది.

పిన్నమ్మ చేతిలో కాలివేళ్ళు మెత్తగా, వదులుగా, నిద్రపోయే మనిషివిలా ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఇంత నిబ్బరంగా ఆ కుర్చీలో పడుకున్న మనిషిని ఆమె చూడలేదు. ఆ నిబ్బరమే ఎందుకో ఆమెకు నచ్చలేదు.

"ఆసుపత్రిలో పరీక్ష చేసి ఏమన్నారు?" అంది డాక్టరమ్మ.

"వెళ్ళలేదమ్మా."

"వెళ్ళలేదా? ఎందుకు?"

జవాబు కోడలు చెప్పింది. అంతవరకూ గుమ్మంలో నిలబడి గోళ్ళు గిల్లుకుంటున్న పిల్ల ఒక్కసారి విరుచుకుపడింది. "చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది డాక్టరమ్మా! చెవినిల్లు కట్టుకుని పోరాను. అత్తయ్యా పదండి, అత్తయ్యా పదండి అని. పిన్నమ్మకీ వచ్చిందట, ఉప్పునీళ్ళతో పోయిందట, నాకూ పోతుంది. ఎప్పుడు కదిపినా ఇదే పాట! ముద్ద దిగక పాలు తాగుతూ కూడా ఇదే పాట!"

"నువ్వూరుకోవే" అంది టైలరమ్మ నెమ్మదిగా. "పిల్ల కంగారు మనిషమ్మా. నేనూ చూసుకుంటూనే ఉన్నాను." మెడలో టేపు తీసి, ఇత్తడి బిళ్ళ ఉన్న కొన కింది పళ్ళకు ఆన్చి, పై పళ్ళ దగ్గర గోటితో నొక్కి చూపించింది. "రోజూ పొద్దున్నే ఇలా పెట్టి కొలుచుకుంటాను. సందు కొంచెం కొంచెం తగ్గుతోంది, తెలుస్తోంది. అయినా పిన్నమ్మకి పోయింది కదా, కొన్నాళ్ళు బిగుసుకుని అదే వదులుతుందిలే అనుకున్నాను. ఎంత ఉప్పు వేసేదానివి పిన్నమ్మా? నేను తక్కువ వేస్తున్నానేమో."

పిన్నమ్మకు అప్పటికి గుర్తొచ్చింది. చెప్పినవాళ్ళు మరిచిపోతారు, విన్నవాళ్ళు మరిచిపోరు. ఆ రోజు వరండాలో టైలరమ్మ ఏడుస్తూ, మెట్లు దిగలేక గోడ పట్టుకుంది. మొహం గోడవైపు తిరిగింది. అంతే, పిన్నమ్మకు ఆగలేదు. "ఓసి పిచ్చిదానా, దీనికేనా? నాకూ బుగ్గలో ఇలాగే వచ్చింది. ఉప్పునీళ్ళు పుక్కిలించాను, నెల తిరక్కుండా పోయింది." టైలరమ్మ కళ్ళు తుడుచుకుని, నవ్వి, మెట్లు దిగి వెళ్ళింది. ఆ రోజు పిన్నమ్మ అక్కతో చెప్పుకుంది కూడా, ఇవాళ ఒక మంచిపని చేశానని. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట పృథివి కూడా దాటలేదు, వెనక వీధికి వెళ్ళి అక్కడే కూర్చుంది.

డాక్టరమ్మ పిన్నమ్మ వైపు చూసింది. టైలరమ్మ చెయ్యి పట్టుకుని, "ఇవాళే వెళ్ళాలి. ఇప్పుడే. నేను ఫోను చేసి చెబుతాను, అక్కడ మీకోసం చూస్తుంటారు" అంది.

"ఇవాళెక్కడమ్మా? పెళ్ళి జాకెట్లు ఉన్నాయి. ఇంకొన్నాళ్ళు చూస్తాను. పిన్నమ్మా, నీకు తగ్గడానికి నెల పట్టిందన్నావు కదూ? బిగుసుకున్నాక ఎన్నాళ్ళకు వదిలింది?"

గదిలో అందరూ ఆమె వైపే చూశారు. పాదం ఇంకా ఆమె చేతిలోనే ఉంది, వెచ్చగా, నమ్మకంగా. ఇప్పుడు ఒక్క మాట చెబితే చాలు, ఆ పాదం ఇలాగే ఉంటుంది. చెప్పకపోతే ఈ మొహం కూడా గోడవైపు తిరుగుతుంది. రంగుల మనిషి వీపు ఆమె కళ్ళముందు కదిలింది. నాలుక మీదికి ఎప్పటి కథే వచ్చింది కూడా. ఎంత అలవాటు, దానంతట అదే వస్తుంది.

"నాకు రాలేదు" అంది పిన్నమ్మ.

"ఏంటి?"

"నాకు అలాంటి పుండేమీ రాలేదమ్మా. నీ ఏడుపు చూడలేక చెప్పాను. అబద్ధం."

టైలరమ్మ తల అడ్డంగా ఊపింది. "డాక్టరమ్మ కళ్ళెర్ర చేసిందని మాట మారుస్తున్నావు. నన్ను బెదిరించి పంపాలని చూస్తున్నారు ఇద్దరూ."

"నీ మీద ఒట్టు."

"నీ ఒట్లు నాకు తెలియవా? ఈ కుర్చీలో ఎంతమంది మీద వేశావో." టైలరమ్మ మెల్లగా లేచి, కుర్చీ దిగింది. "నువ్వెక్కు."

"నేనా?"

"ఎక్కి నోరు తెరువు. మానిన పుండుకు మచ్చ ఉంటుంది. కుట్టు విప్పినా గుడ్డ మీద చిల్లులు కనపడతాయి, నేను చూస్తే తెలుస్తుంది."

ఆ కుర్చీని ఇన్నేళ్ళుగా తుడిచింది, కుట్టింది, దాని కాళ్ళ దగ్గర కూర్చుంది. ఎక్కలేదు ఎప్పుడూ. తల వెనక్కి వాల్చగానే దీపం సూటిగా కళ్ళలోకి కొట్టింది. పైకప్పు మీద తడి మరక ఒకటి ఉందని పిన్నమ్మకు అప్పుడే తెలిసింది. వచ్చినవాళ్ళంతా ఇదా చూసేది! నోరు తెరిచింది.

టైలరమ్మ వంగింది. మిషను కింద దారం పోగు వెతికే కళ్ళతో, తొందర లేకుండా, ఈ చెంప చూసింది, ఆ చెంప చూసింది. వేలితో బుగ్గ పక్కకు లాగి దీపం వైపు తిప్పింది. పైవరస చూసింది, కింది వరస చూసింది. ఎక్కడా ఒక్క పన్ను పోలేదు. ఒక్కదానికీ పుచ్చు లేదు. బుగ్గలు రెండూ పసిపిల్ల బుగ్గల్లా నున్నగా ఉన్నాయి. చివరికి చేతిలో ఉన్న టేపు తీసి ఆ నోటికీ ఆన్చింది. తన గోటి గుర్తులన్నీ దాటి, ఇంకా చాలా దూరం పోయింది.

కుర్చీ చివర పిన్నమ్మ కాలివేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. పట్టుకునేవాళ్ళు లేరు. ఎవరూ దగ్గలేదు.

టైలరమ్మ చేతిలోంచి టేపు జారి కుర్చీ పక్కన పడింది. ఆమె వంగి తీసుకోలేదు.

"జాకెట్టు చెయ్యి బిగుతయితే విప్పి మళ్ళీ కుట్టి ఇస్తాను పిన్నమ్మా" అంది, అదే మూసిన తలుపు గొంతుతో. "ఇది ఎక్కడ విప్పను?"

పిన్నమ్మ కుర్చీ దిగింది. చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డంపడ్డాయి. "నేనూ వస్తాను. నీతోనే ఉంటాను, ఆసుపత్రిలోనే పడుకుంటాను. నీ కాలు వదిలితే ఒట్టు."

"నువ్వు రాకు." గోడ పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది టైలరమ్మ. మొహం గోడవైపు తిరగలేదు. మెట్లవైపు తిరిగింది. "నువ్వొస్తే నాకు మళ్ళీ ధైర్యం వస్తుంది. నాకిప్పుడు భయం కావాలి. భయం ఉంటేనే ఆ మెట్లు దిగుతాను."

కోడలు ఆమె భుజం కింద చెయ్యి వేసింది. ఇంతసేపూ కొట్లాడిన పిల్ల ఇప్పుడు ఒక్క మాట లేకుండా ఏడుస్తోంది. "ఏడిస్తే మెట్టు కనపడదు, చూసి నడువు" అని అత్తగారే అంటుండగా ఇద్దరూ దిగిపోయారు. కింద ఆటో ఆగిన చప్పుడు, మళ్ళీ కదిలిన చప్పుడు.

డాక్టరమ్మ ఫోను పెట్టేసి చేతులు కడుక్కుంది. కడిగిన చేతులే మళ్ళీ కడిగింది.

"నన్ను తిట్టండమ్మా" అంది పిన్నమ్మ.

"ఆ రోజు నువ్వు వరండాలో చెప్పింది నాకు వినపడింది." డాక్టరమ్మ కొళాయి వైపే చూస్తూ అంది. "గది ఎంత, తలుపు ఎంత. ఉప్పునీళ్ళ మాట విన్నాను. లేచి వచ్చి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. అప్పుడు ఇక్కడ ఒకరి నోరు తెరిచి ఉంది. పోన్లే, ఏడుపు ఆపింది కదా అనుకున్నాను." తువ్వాలు అందుకుంది. "ఎవరిని తిట్టను పిన్నమ్మా?"

పిన్నమ్మ పీట మళ్ళీ కుర్చీ కాళ్ళ దగ్గరికి లాక్కుంది. వరండాలో ఇంకా జనం ఉన్నారు. బుగ్గ వాచినవాళ్ళు ఇవన్నీ అయ్యేదాకా ఆగరు కదా.

తర్వాత వచ్చింది కాలేజీ పిల్ల. జ్ఞానదంతం అడ్డంగా మొలిచింది. కుర్చీ ఎక్కుతూనే పిన్నమ్మ కోసం వెతుక్కుంది, ఎవరో చెప్పి పంపినట్టున్నారు. "పిన్నమ్మంటే మీరేనా? నొప్పి పుడుతుందా?"

పిన్నమ్మ కాలు పట్టుకుంది. నోట్లోకి రావలసిన మాట రాలేదు. వేళ్ళు అప్పుడే రాయిలా బిగుసుకుని ఉన్నాయి.

"సూది గుచ్చేటప్పుడు పుడుతుందమ్మా. బాగానే పుడుతుంది. తర్వాత మొద్దుబారుతుంది. లాగేటప్పుడు నొప్పి ఉండదు గానీ, దవడ ఊడిపోతున్నట్టు ఉంటుంది. ఊడదు. రాత్రికి మళ్ళీ సలుపుతుంది."

పిల్ల కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. "మీకూ తీశారా?"

"లేదు. నాకు ఒక్కటీ తీయలేదు. ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇక్కడ కూర్చుని చూసినదే చెబుతున్నాను. నీ కాలు నా దగ్గర ఉంటుంది. నువ్వు ఓర్చుకోలేకపోతే ఆవిడ ఆపుతుంది."

పిల్ల ఏడ్చింది. సూదికి ఏడ్చింది, లాగుతుంటే ఏడ్చింది. పిన్నమ్మ ఎన్నిసార్లు దగ్గిందో, డాక్టరమ్మ అన్నిసార్లూ ఆపింది. ఎప్పుడూ పట్టేదానికంటే ఎక్కువసేపు పట్టింది. ఒక్కసారి కూడా ఆ వేళ్ళు వదులు కాలేదు. కానీ పిల్ల లేచి పారిపోలేదు. అంతా అయ్యాక, దూది నొక్కిపట్టిన మూతితో పిన్నమ్మ వైపు చూసింది. అది కోపమో, మరేమిటో, పిన్నమ్మకు తెలియలేదు. ఆ చూపు ఆమెకు అలవాటు లేదు. ఇన్నాళ్ళూ నవ్విన మొహాలనే పంపించింది.

ఇంటికి వెళ్ళాక అక్క అడిగింది. "ఏమే, ఇవాళ ఎవరికీ కథలు చెప్పలేదా? నోరు పడిపోయినదానిలా ఉన్నావు."

"నీ పళ్ళు నీకిచ్చేశానే" అంది పిన్నమ్మ.

"నాకెందుకే ఇప్పుడు" అని అక్క చిగుళ్ళతో నవ్వింది. చెల్లెలు నవ్వకపోయేసరికి, ఆమె కూడా ఆపేసి, కంచం ముందుకు జరిపింది.

ఆ తర్వాత టైలరమ్మకు ఆపరేషను చేశారని, దవడ ఒకవైపు తీసేశారని కబురు తెలిసింది. ఇంటికి వచ్చింది గానీ మాటతో రాలేదు. పిన్నమ్మ రెండు మూడుసార్లు వెనక వీధి మలుపు దాకా వెళ్ళి, అక్కడే నిలబడి, మిషను చప్పుడు వినపడితే విని, వెనక్కి వచ్చేసింది. రావద్దన్న మాట ఆ ఒక్కరోజుకేనో ఎప్పటికీనో అడగడానికి ధైర్యం చాలలేదు. చలికాలం పోకముందే ఒక రోజు ఆ మలుపులో కూరలమ్మే ఆమె, ఎవరితోనో మాట్లాడుతూ, టైలరమ్మ మిషను అమ్మకానికి పెట్టారట, మంచి మిషనే, పాపం నూనె వేసి ఉంచుకునేది అంది. పోయిందని పిన్నమ్మకు ఎవరూ వేరే చెప్పలేదు. అలా తెలిసింది.

ఆమె డాక్టరమ్మ దగ్గర పని మానలేదు. కాళ్ళు పట్టుకుంటూనే ఉంది, దగ్గుతూనే ఉంది. భయపడేవాళ్ళు ఇప్పుడు కొంచెం ఎక్కువ భయపడతారు. కొందరు మెట్లు దిగి వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళిపోతారు. ఆసుపత్రికి వెళ్ళమని డాక్టరమ్మ చెప్పినవాళ్ళ వెంట పిన్నమ్మ కింద రోడ్డు దాకా నడుస్తుంది. వాళ్ళు ఆటో ఎక్కి, ఆ ఆటో ఆసుపత్రి వైపు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడుతుంది.

కుర్చీ పక్కన దొరికిన టేపును టైలరమ్మ వెళ్ళిపోయిన సాయంత్రమే తుడిచి, చుట్టి, గోడ మేకుకు తగిలించింది, ఎవరైనా తీసుకెళతారని. ఎవరూ రాలేదు. నడుముకూ చేతులకూ కొలిచి కొలిచి మధ్యలో అంకెలన్నీ చెరిగిపోయాయి. ఏ జాకెట్టుకూ పనికిరాని మొదటి అంకెల దగ్గర మాత్రం గోటి గాట్లు, ఒకదాని పక్కన ఒకటి, ఇత్తడి బిళ్ళ వైపుకు జరుగుతూ వచ్చి, బిళ్ళను చేరకుండానే ఆగిపోయాయి.